పోలయ్యగారి దోసిలి

ఫిజీలో మా తవువా బస్టాండు పక్కనున్న కిరాణా కొట్టు ముందు ఒక నీళ్ల డ్రమ్ము ఉంటుంది. దాని కుళాయికి ఒక అల్యూమినియం కప్పును సన్నటి గొలుసుతో కట్టేశారు. ఎవరైనా ఆ కప్పును ఎత్తుకుపోయి మేడలు కట్టేస్తారని కొట్టువాడి భయం కాబోలు. మొన్న మంగళవారం గని బస్సు దిగిన పనివాళ్లు వరసగా నిలబడి ఆ కప్పుతోనే నీళ్లు తాగారు. ఒకడు తాగి వదిలేయగానే కప్పు డ్రమ్ముకు తగిలి ఖంగుమంటోంది, గొలుసు గలగలమంటోంది, వెనకవాడు అందుకుంటున్నాడు. వాళ్లలో ఒకడికి దగ్గు. ఆ ఖంగుమనే చప్పుడూ ఆ దగ్గూ కలిసి చెవిన పడేసరికి నాకు ఒళ్లు జలదరించింది. నా వంతు వచ్చినప్పుడు మా కోడలు కప్పు నింపి, "బాబూజీ, కప్ లే లో" అని చేతికివ్వబోయింది. నేను తీసుకోలేదు. నడుం వంచి దోసిలి పట్టాను. "పొయ్యమ్మా" అన్నాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ పోసింది. అందరి ముందూ ఎందుకిలా బిచ్చగాడిలా వంగి తాగుతారని బస్సులో హిందీలో అడిగింది. జవాబు చెప్పాలంటే పోలయ్యగారి గురించి చెప్పాలి. అది బస్సులో అయ్యే పని కాదు. అందుకే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఆయన్ని ఎరిగినవాళ్లలో నేనొక్కణ్నే మిగిలాను. కూలీకి ఒప్పుకున్న గిర్మిట్ కాగితాల్లో ఆయన పేరు పోలిగాడు. కూలీలను ఓడ ఎక్కించే మద్రాసు డిపోలో గుమాస్తా పేరడిగితే, ఊళ్లో తనని ఏమని పిలుస్తారో అదే చెప్పాడట. గుమాస్తా అదే రాసేశాడు. సముద్రం దాటి వచ్చినా ఆ 'గాడు' ఆయన వెంటే వచ్చింది. చెరకు తోటలో మమ్మల్ని తోలే తెల్ల ఓవర్సీరును మేము కూలంబరు అనేవాళ్లం. ఆ కూలంబరూ అదే పేరుతో కేకేశాడు, జైలు వార్డర్లూ అదే పేరుతో కేకేశారు. నేను కూడా "ఒరే పోలిగా" అనే పిలిచాను. నాకంటే ఆయన ఇరవై ఏళ్లు పెద్ద. ఇప్పుడు 'పోలయ్యగారు' అని రాస్తుంటే కలం ఎక్కడా తడబడటం లేదు. అప్పుడు మాత్రం నా నోరు తిరగలేదు. ఆ సిగ్గు నాది, దాచుకోను.

నేను జైలుకెందుకు వెళ్లానో చెప్పాలి. ఐదేళ్లు తోటలో పనిచేస్తామని వేలిముద్ర వేసి వచ్చినవాళ్లం మేము. ఆ ఒప్పందమే గిర్మిట్. పొద్దున్నే కూలీల మేస్త్రీ సర్దారు వచ్చి ఒక్కొక్కరికి ఇంత దూరం కలుపు తవ్వాలని కొలిచి ఇచ్చేవాడు. అదే టాస్కు. రాళ్ల నేలకూ ఒకే కొలత, మెత్తటి నేలకూ ఒకే కొలత. నాలుగో ఏట ఒక వానరోజున మోకాలి లోతు బురదలో నాకు టాస్కు ఇచ్చారు. సగం చేసి, పార అక్కడే పాతేసి, "మిగతాది నువ్వే తవ్వుకో" అని సర్దారుతో అన్నాను. నా పక్క వరసలో ఉన్న గవరయ్య కూడా తన పార నా పార పక్కనే పాతాడు. మేజిస్ట్రేటు మా మాట వినకుండానే ఇద్దరికీ జైలు వేశాడు. జైల్లో గడిపిన రోజులన్నీ గిర్మిట్‌కు మళ్లీ కలుపుతారు. అంటే ఆ రోజులకు శిక్ష రెండుసార్లు పడినట్టు. దీన్ని వాళ్లు చట్టం అన్నారు. నేనిప్పటికీ దానికి వేరే పేరు పెడతాను కానీ, రాయకూడని మాట.

గవరయ్య నా జహాజీ. ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఒకళ్లకొకళ్లు జహాజీ భాయిలు. సొంత అన్నదమ్ములైనా అంతలా ఉండరు. ఓడలో వాడూ నేనూ ఒకే పళ్లెంలో తిన్నాం. వాడు వాంతులు చేసుకుంటే నేను తల పట్టుకున్నాను. నాకు జ్వరమొస్తే తన గంజి సగం నాకు పోశాడు. మద్రాసు రేవు కనుమరుగయ్యాక మాకు కులం లేదు, ఎంగిలి లేదు, ఒకడి నోటి ముద్ద ఇంకొకడు తినేవాడు. జహాజీ ఎంగిలి కాదన్నవాడు మనిషే కాదని మా లైన్లలో అనుకునేవాళ్లం. లైన్లంటే గుర్రాల కొట్టంలా గదులు వరసగా కట్టిన కూలీల ఇళ్లు. నేను గర్వంగా తలెత్తుకుని చెప్పుకునేవాణ్ని, సముద్రం మా కులాలన్నీ కడిగేసిందని. ఎంత అబద్ధమో జైల్లో తెలిసింది.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న జైలు పేరుతో ఇప్పుడు పనిలేదు. రేకుల కప్పు, చెక్క గోడలు, చూరు కింద రెండు గూళ్లలాంటి కిటికీలు. ఆ షెడ్డులో మేము నలభైమందికి పైనే. పక్క షెడ్డులో ఫిజీ ఖైదీలు. పగలంతా రోడ్డుకు రాళ్లు కొట్టడం, సాయంత్రం ఐదు గంటలకు గంట కొడితే లోపలికి పోవడం, ఇనప తలుపుకు తాళం. తలుపు పక్కన ఒక నీళ్ల పీపా. దానికి గొలుసుతో కట్టిన తగరపు కప్పు. వచ్చిన మొదటి రోజునే పాత ఖైదీలు ఒక ఏర్పాటు చేసేశారు. మరుగుదొడ్డి బకెట్లు మోసే పని ఎవరిదని వార్డరు అడిగితే, పదిమంది వేళ్లు ఒకేసారి, మా ఓడలోనే వచ్చి మాతోపాటే జైల్లో పడిన పోలయ్యగారి వైపు చూపించాయి. ఆ పదింటిలో నా వేలూ ఉంది. ఆయన బకెట్టు ఎత్తుకుంటూ నా ముఖంలోకి చూసి, "ఓడలో నా పక్కనే కూకుని తిన్నావు, సిమ్మాద్రి బాబూ. అప్పుడు నీకు ఆకలి. ఇప్పుడు ఇక్కడ కడుపు నిండినాదేటి?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. నా పేరు సింహాద్రి. మా విశాఖ వైపు మనుషులకు సింహం సిమ్మమే.

ఆయన కూలంబరు చేతిలోని కొరడా లాక్కుని రెండు ముక్కలు చేసినందుకు జైలుకు వచ్చాడు. ఆ కొరడా ఒక గర్భిణి వీపు మీద పడబోతుంటే లాక్కున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. ఊళ్లో ఆయన వెట్టివాడు. అంటే ఊరందరి చాకిరీకీ పిలవగానే పలకాల్సినవాడు. కలరా వచ్చినా, మశూచి వచ్చినా శవాలు మోసింది, గుంటలు తవ్వింది, రోగుల గుడ్డలు కాల్చింది ఆయనే. ఆ చావులన్నీ చూసి బతికినవాడికి జబ్బు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో కళ్లకు కట్టినట్టు తెలుసు. మాకు ఏమీ తెలియదు. మాకు తెలిసిందల్లా పొగరు.

ఆ ఏడు సువా రేవుకు వచ్చిన ఏదో ఓడ నుంచి పెద్ద జ్వరం దిగింది. రోడ్లెమ్మట నడిచి మా జైలు దాకా రావడానికి దానికి ఎంతో కాలం పట్టలేదు. రేవులో దొంగతనం చేశాడని ఒకణ్ని తెచ్చి మా షెడ్డులో తోశారు. వాడు దగ్గుతూ వచ్చి, పీపా దగ్గరికి వెళ్లి, కప్పు నిండా తాగి వదిలాడు. మర్నాటికి వాడు లేవలేదు. రెండు రోజులకు నీళ్లు మోసే అతనూ పడిపోయాడు. మిగిలినవాళ్లు "చలి తగిలింది, రాళ్లు కొడితే వదిలిపోద్ది" అనుకున్నారు. పోలయ్యగారు మాత్రం బకెట్లు కింద పెట్టి, బూడిదతో మోచేతుల దాకా చేతులు తోముకుని, పీపా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒక రాయి తీసుకున్నాడు. నాలుగు దెబ్బలకు గొలుసు తెగింది. ఆ కప్పును తీసుకెళ్లి దొడ్డి గుంటలో పారేశాడు. మేమందరం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. సర్కారు కప్పు అది.

"ఈ యేళ నుంచి కప్పు నేదు," అన్నాడు. "అందరూ దోసిలి పట్టండి. నాను పైనుంచి పోత్తాను. నా సెయ్యి తగల్దు, సెంబు తగల్దు. నీళ్లే తగుల్తాయి." హిందీవాళ్ల వైపు తిరిగి, "భాయ్, పానీ హాథ్ సే పీయో" అన్నాడు.

ఇది చదివేవాళ్లకు దోసిలి అంటే ఏమిటో ఇప్పుడు తెలియకపోవచ్చు. మా ఊళ్లో ఆయన కులంవాళ్లు దాహమేసి వస్తే గుమ్మం దగ్గర వంగి నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టాలి. ఇంటివాళ్లు మూరెడు ఎత్తునుంచి నీళ్లు పోస్తారు. సగం నోట్లోకి, సగం మోచేతుల మీదుగా నేలమీదికి. మా అమ్మ అలా పొయ్యడం నేను వందసార్లు చూశాను. ఆ వంగడం ఎవరిదో నాకు బాగా తెలుసు. ఇప్పుడు ఆయన ముందు నేను వంగాలా? నా ఒళ్లు మండిపోయింది.

"నీ సేతి నీళ్లకి మేము దోసిలి పట్టాలా? మతి పోనాదేటిరా, పోలిగా?" అని అరిచాను.

"నాను పుట్టిన కాడినుంచి పట్టినాను, బాబూ. సచ్చిపోనేదు కదా," అన్నాడు. "నిజం సెప్పాలంటే అందుకే బతికినాను. కలరా వొచ్చిన ఏడు మీవోళ్లు ఊరి నూతి దగ్గిరికి మమ్మల్ని రానిచ్చినారు కాదు. ఆ నుయ్యే మీ ఊరిని తినీసింది. మా పేట మిగిలిపోనాది. మమ్మల్ని కాపాడదామని కాదు, తోసీసినారు కాబట్టి మిగిలినాం. ఆ తోసీడం నాకు తెలుసు. ఇప్పుడు రోగాన్ని తోసెయ్. మనిసిని కాదు."

కొందరు పట్టారు. హిందీవాళ్లలో సగంమంది పట్టారు. నేను పట్టలేదు. నా దగ్గర తిండికిచ్చిన తగరపు గిన్నె ఉంది. దాంతో పీపాలో ముంచుకుని తాగాను. తర్వాత గవరయ్యకు ఇచ్చాను, వాడూ తాగాడు. అంతకు ముందు రోజు నుంచే నా గొంతు గరగరగా ఉంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే రోగుల మూలకు తోస్తారు. గవరయ్య గిన్నె పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. "ఆ పోలిగాడు సెప్పిందాంట్లో ఏదైనా ఉన్నాదేమో?" అన్నాడు. నేను నవ్వాను. "మనకి మనకి ఎంగిలేటిరా? ఓడలో లేని ఎంగిలి ఇక్కడొచ్చిందా?" అన్నాను. వాడికీ సిగ్గేసింది, గటగటా తాగేశాడు. జహాజీ ఎంగిలి కాదనడం వాడి వల్ల అవుతుందా? ఆ నీళ్లు తాగొద్దని నేను ఒక్క మాట అని ఉంటే వాడు తాగేవాడు కాదు. యాభై ఏళ్లుగా ఆ మాట నా నోట్లో అలాగే ఉంది.

నాలుగు రోజులకు నేను దగ్గుతూనే లేచి తిరుగుతున్నాను. గవరయ్య లేవలేదు. వాడి పెదవులు నీలంగా అయిపోయాయి. ఊపిరి తీస్తుంటే తడి గోనెసంచి ఈడుస్తున్న చప్పుడు. పోలయ్యగారు వాడి తల ఒళ్లో పెట్టుకుని గంజి నీళ్లు పోయబోతే వాడు దోసిలి పట్టలేకపోయాడు, చేతులు పైకి లేవలేదు. అప్పుడే ఇలియేసా వచ్చాడు.

ఇలియేసా ఫిజీ వార్డరు. కొండంత మనిషి, మాట మెత్తన. వాళ్ల ఊళ్లో ఇంటికొకరు పోతున్నారు. ప్రతి చావుకూ వాళ్లు చుట్టూ కూర్చుని యాంగోనా తాగుతారు. యాంగోనా అంటే వేరు దంచి నీళ్లలో పిసికే వాళ్ల మర్యాద పానీయం. ఒకే కొబ్బరిచిప్ప, ఒకరి తర్వాత ఒకరు చప్పట్లు కొట్టి తాగాలి. పోలయ్యగారు ముందురోజే అతనికి వచ్చీరాని హిందీలో చెప్పాడు, చిప్ప తిప్పొద్దని. ఇలియేసాకు కోపమొచ్చింది. "సెగ!" అన్నాడు. వాళ్ల భాషలో కాదని. చనిపోయినవాడి దగ్గర చిప్ప కాదంటే పోయినవాణ్నే కాదన్నట్టట. పోలయ్యగారు నన్ను చూపించి, "ఇదిగో, ఈ బాబూ అదే అన్నాడు. అడుగు, ఈ బాబు నేస్తం ఏమైనాడో," అన్నాడు. ఆ మాట కొరడా దెబ్బలా తగిలింది. కానీ ఇలియేసా ఆలోచించాడు. ఆరోజు గోనెసంచి నిండా కొబ్బరిచిప్పలు తెచ్చాడు. ఒక్కొక్కదాని మీదా కత్తితో వేరే గుర్తు గీశాడు. "ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చిప్ప. మా ఊళ్లో కూడా ఇంతే చేశాను. ముసలివాళ్లు తిట్టారు," అన్నాడు హిందీలో. లేవలేని ప్రతివాడి తలాపునా ఒక చిప్ప పెట్టాం. గవరయ్య చిప్ప మీద చేప గుర్తు ఉంది.

ఆ చిప్పతో వాడు రెండు పూటలే తాగాడు. మూడో పూట వాడి తల నా చేతుల్లో ఉండగా ఊపిరి ఆగిపోయింది. నేను ఏడుస్తూ, "నేనే ఇచ్చాను. నా గిన్నెతో నేనే ఇచ్చాను," అన్నాను. నాకు ఊరటగా ఎవరైనా కాదనాలని ఉంది. పోలయ్యగారు కాదనలేదు. శవానికి గోనె చుట్టే పని ఆపి నా వైపు చూశాడు. "అవును. నువ్వే ఇచ్చినావు," అన్నాడు. "తెలీక ఇచ్చినావు. పేణంగా సూసుకున్నావు కాబట్టి ఇచ్చినావు. ఇకనుంచి తెలిసి ఇయ్యకు. ఏడుపు తరవాత. ముందు వీణ్ని మొయ్యాలి, ఆ పక్క పట్టు." ఇద్దరం పట్టాం. జైలు గోడ వెనక గుంట ఆయనే తవ్వాడు. ఆ తవ్వే తీరు చూస్తే ఎన్ని గుంటలు తవ్విన చేతులో తెలుస్తుంది. అప్పటిదాకా నేను ఆ చేతులు చూసి ముఖం తిప్పుకున్నాను. తిరిగి వచ్చాక పీపా దగ్గర ఆయన ముందు వంగి దోసిలి పట్టాను. ఆయన పోశాడు. నీళ్లు నా మోచేతుల మీదుగా కారుతుంటే మా ఊరి గుమ్మం గుర్తొచ్చింది. ఆయన ఆగి, నేను మింగేదాకా చూసి, మళ్లీ పోశాడు.

కానీ కప్పు ఒక్కటే కాదు జబ్బు. ఆ షెడ్డే జబ్బు. సాయంత్రం ఐదింటికి నలభైమందిని ఆ రేకుల కింద తోసి తాళం వేస్తే, తెల్లారేదాకా ఒకడు వదిలిన గాలే ఇంకొకడు పీల్చాలి. తలుపులు తీసి ఉంచమని, బాగున్నవాళ్లను బయట కట్టెల పాకలో పడుకోనివ్వమని పోలయ్యగారు ఇలియేసా ద్వారా జైలు దొరకు కబురు పెట్టాడు. ఖైదీలు పారిపోతారని, చట్టం ఒప్పదని దొర జవాబు పంపాడు. ఆరోజు కప్పు పారేసిన సంగతి కూడా ఎవరో చెప్పారు. సర్కారు సొమ్ము పాడుచేసినందుకు పోలయ్యగారికి సగం తిండి. ఆయన ఆ సగం తిండి కూడా రోగులకే పెట్టి, "నాకు ఉపాసం కొత్తేటి?" అన్నాడు.

గవరయ్యను పూడ్చిన మర్నాడు ఐదు గంటల గంట కొట్టారు. ఎండ ఇంకా ముఖాన కొడుతోంది. మేము వరసగా నిలబడ్డాం. పోలయ్యగారు ముందుకు నడిచి, గుమ్మం మీద కూర్చుని, రెండు కాళ్లూ అడ్డంగా చాపాడు. తలుపు వేయాలంటే ఆయన కాళ్లు విరగ్గొట్టాలి. వార్డరు ఒకడు లేవమన్నాడు. లేవలేదు. కర్రతో భుజం మీద కొట్టాడు. లేవలేదు. జైలు దొర వచ్చాడు, ముక్కుకు తెల్ల రుమాలు కట్టుకుని, నడుముకు పిస్తోలుతో. దొర ఇంగ్లీషులో అరిస్తే ఇలియేసా హిందీలో చెప్పాడు, పోలయ్యగారి మాటలు అటు చెప్పాడు.

"లే. లోపలికి పో. లేకపోతే కాల్చేస్తానంటున్నాడు."

"కాల్చమను. లోపలికెళ్లినా అదే కదా. గుండైతే తొరగా అయిపోద్ది, ఖరీదు సర్కారుది."

"పారిపోతారంటున్నాడు."

"ఎక్కడికి పారిపోతాం దొరా? సుట్టూ సముద్రం. మా ఊరు ఆ నీళ్ల అవతల. అంత భయమైతే కాళ్లకి గొలుసులెయ్యి. అందరికీ కలిపి ఒకటే గొలుసెయ్యి. నాను ముందు కూకుంటాను. కానీ ఆ షెడ్డులోకి బాగున్నోణ్ని ఒక్కణ్ని కూడా పంపను."

దొర పిస్తోలు తీశాడు. నాకు అప్పుడు ఏమైందో సరిగా చెప్పలేను. జ్వరమే అనుకోండి, గవరయ్యే అనుకోండి. నేను వరస తప్పి వెళ్లి ఆయన పక్కన గుమ్మం మీద కూర్చుని కాళ్లు చాపాను. ఆయన భుజం నా భుజానికి తగిలింది. ఓడ దిగిన తర్వాత తగలడం అదే మొదటిసారి. నా వెనక ఒక హిందీ మనిషి వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఇంకొకడు. పక్క షెడ్డు ముందు ఫిజీ ఖైదీలు కూడా వరసగా నేలమీద కూర్చుండిపోయారు, మా మాటలేమీ అర్థం కాకపోయినా. దొర ఇలియేసా వైపు తిరిగి ఏదో ఆజ్ఞ ఇచ్చాడు. మమ్మల్ని ఈడ్చెయ్యమని కాబోలు. ఇలియేసా ఆ వారంలోనే తన తమ్ముణ్ని పాతిపెట్టి వచ్చిన మనిషి. నెత్తిన టోపీ తీసి చంకలో పెట్టుకుని, "సెగ" అన్నాడు. మొన్న పోలయ్యగారితో అన్న ఆ ఒక్క మాటే, ఇప్పుడు దొరతో.

నిలబడగలిగిన వార్డర్లు ముగ్గురే. అందులో ఒకడు కాదన్నాడు. దొర ఆ లెక్క తనే వేసుకున్నట్టున్నాడు. "ఈ ఒక్క రోజుకే" అని పిస్తోలు లోపల పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఒక్క రోజు జ్వరం తగ్గేదాకా సాగింది. మేము షెడ్డు కిటికీ చెక్కలు ఊడపీకాం. రోగులను లోపల మనిషికీ మనిషికీ మధ్య బారెడు ఎడం ఉండేలా పడుకోబెట్టాం. బాగున్నవాళ్లం కట్టెల పాకలో పడుకున్నాం. దుప్పట్లు రోజూ ఎండలో వేశాం, రోగులను బూడిదలో ఉమ్మించి ఆ బూడిద రోజూ పూడ్చాం. జ్వరం వచ్చి తగ్గినవాళ్లం మాత్రమే రోగులకు చాకిరీ చేయాలని ఆయన నియమం పెట్టాడు. "ఒకసారి కరిసిన కుక్క మళ్లీ కరవదేమో అని నా ఆశ," అన్నాడు. ఆ తర్వాత మా షెడ్డు నుంచి ఇంకొక్క శవమే మోశాం. జైలు గోడకు బయట, మా లైన్లలో, ఇలియేసా వాళ్ల ఊళ్లో చావులు అలా ఆగలేదు. అందరికంటే గాలీ వెలుతురూ తక్కువున్న చోట మనుషులు మిగిలారు.

తర్వాత పెద్ద డాక్టరు ఒకాయన గుర్రం మీద వచ్చి, షెడ్డూ పాకా చూసి, ఈ ఏర్పాటు చాలా బాగుందని జైలు దొర చెయ్యి పట్టుకుని ఊపాడు. దొర కాదనలేదు. అదే వారం పోలయ్యగారిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, కప్పు పారేసినందుకూ ఆజ్ఞ ధిక్కరించినందుకూ మరికొన్ని నెలలు వేశారు. నేను అరవబోతే ఆయన నా చెయ్యి నొక్కాడు. "వొగ్గీరా, సిమ్మాద్రీ. ఆ కప్పు ఇంకా గుంటలోనే ఉంది. వాళ్లు నెలలెయ్యగలరు గాని, దాన్ని పైకి తీయలేరు," అని నవ్వాడు. నన్ను 'రా' అనడం అదే మొదలు, బాబూ అనడం అక్కడితో ఆఖరు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆయన విడుదలైన రోజు నేను తోట నుంచి తప్పించుకుని జైలు గుమ్మానికి వెళ్లాను. మళ్లీ టాస్కు తప్పించినందుకు మళ్లీ జైలు పడుతుందని తెలుసు. పడనీ అనుకున్నాను. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు ఒకటి ఓడ ఎక్కిన రోజు నుంచీ నాతో ఉంది. దాని నిండా నీళ్లు తీసుకెళ్లాను. దారంతా ఒక ఆలోచన చేసుకుంటూ వెళ్లాను. ఆ చెంబు ఆయన చేతికిచ్చి నోరు పెట్టి తాగమనాలి, మిగిలినవి నేను తాగాలి. నా తప్పంతా అలా కడిగేసుకోవాలి. ఆయన బయటికి రాగానే చెంబు చాపి, "ఎంగిలి సెయ్యి అన్నా. తరవాత నేను తాగుతాను," అన్నాను. నా కళ్లనిండా నీళ్లు.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీకింకా బుద్ధి రానేదేటిరా?" అన్నాడు. "లైన్లలో జొరం ఇంకా ఉన్నాదా, పోనాదా?"

"అక్కడక్కడ ఉన్నాది."

"మరి? గవరయ్య సరిపోనేదా నీకు? దోసిలి పట్టు."

రోడ్డు మీద చెరకు బళ్లు పోతున్నాయి. మా సర్దారు, మా లైన్లవాళ్లు, మా కులంవాళ్లు కూడా చూస్తున్నారు. నేను వాళ్లందరి ముందూ వంగి దోసిలి పట్టాను. ఆయన మూరెడు ఎత్తునుంచి పోశాడు. కడుపు నిండా తాగాను. తర్వాత చెంబు కోసం చెయ్యి చాపి, "ఇప్పుడు నేను పోత్తాను, నువ్వు పట్టు," అన్నాను.

ఆయన చెంబు ఇవ్వలేదు. కాళ్లు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడ్డాడు. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, చెంబు పైకెత్తి నీళ్లు పోసుకున్నాడు. పెదవికి ఇత్తడి తగల్లేదు. గుటకలు పడుతుంటే గొంతు కదలడం కనిపిస్తోంది. నీళ్లు గడ్డం మీదుగా జైలు చొక్కా మీద కారాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగి, తలమీద ఎండ కొడుతుంటే కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇలగా తాగినా ఎంగిలవదు కదరా," అన్నాడు చివరికి. "నలబై ఏళ్లు వొంగి తాగినాను. తలెత్తి తాగడం ఇదే మొదలు."

గిర్మిట్ అయ్యాక ఆయనా నేనూ తవువా దగ్గర పక్కపక్క పొలాలు కౌలుకు తీసుకున్నాం. ఆయన పోయినప్పుడు ఊరూరా శవాలు మోసిన ఆ మనిషి పాడె ముందు కొమ్ము నేను పట్టాను. ఇంకెవర్నీ పట్టనివ్వలేదు. ఆ ఇత్తడి చెంబు ఇప్పుడు మా ఇంట్లో నీళ్ల కుండ పక్కన ఉంది. రేపు కోడల్ని పిలిచి చెంబు నింపి ఇస్తాను. తల ఎత్తి ఎలా పోసుకుని తాగాలో నేర్పుతాను, పిల్లలకూ నేర్పమంటాను. నన్ను మాత్రం దోసిలితోనే తాగనివ్వమ్మా అని చెబుతాను. ఆ చెంబు ఎత్తి తాగే హక్కు ఆయనది. వంగడం నా వంతు, బస్టాండులో నలుగురూ చూసినా సరే.